సర్వే జవాబుల నుంచి కస్టమర్ లాయల్టీ స్కోరు: ప్రశ్న రాయడం దగ్గర్నుంచి బిల్లులతో సరిచూసుకోవడం దాకా

నెట్ ప్రమోటర్ స్కోరు ఎలా వేయాలని అడిగితే జవాబు ఒక్క వాక్యంలో అయిపోతుంది. "మా పేరు తెలిసినవాళ్లకు చెబుతారా?" అని అడిగి 0 నుంచి 10 లోపు అంకె ఇమ్మంటే, 9, 10 ఇచ్చినవాళ్ల శాతంలోంచి, 0 నుంచి 6 దాకా ఇచ్చినవాళ్ల శాతం తీసేయాలి. వారం తిరక్కముందే అదే మనిషి మళ్లీ ఫోన్ చేస్తారు. "స్కోరు 62 వచ్చిందండీ. కానీ పాత కస్టమర్లు తిరిగి రావడం లేదు. లెక్క ఎక్కడైనా తప్పానా?"

తీసివేతలో తప్పు నాకు దాదాపు ఎప్పుడూ కనిపించలేదు. తప్పంతా దానికి ముందే జరిగిపోతుంది. ఎవరిని అడిగారు, ఎవరు అడిగారు, ఎప్పుడు అడిగారు, షీటులో ఖాళీ గడులను ఏం చేశారు అన్న చోట్లే స్కోరు పాడవుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో లెక్కకంటే ముందు పనులకే ఎక్కువ చోటు ఇచ్చాను.

మొత్తం ఒకే ఉదాహరణతో వెళ్దాం. ఇళ్లకు వాటర్ ప్యూరిఫైయర్లు అమ్మి, ఏటా ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) మీద సర్వీసు చేసే ఒక వ్యాపారం ఉందనుకోండి. విజయవాడ, గుంటూరు, ఏలూరుల్లో బ్రాంచీలు. ఇందులోని అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవే. మీ దగ్గర బట్టల షాపు ఉన్నా, ల్యాబ్ ఉన్నా, కోచింగ్ సెంటర్ ఉన్నా పద్ధతి మారదు.

## 1. ముందుగా తేల్చుకోవాల్సినవి

ఒక తెల్ల కాగితం తీసుకుని ఈ నాలుగింటికీ జవాబు రాయండి. రాయకుండా సర్వే పంపొద్దు.

- ఈ స్కోరు వచ్చాక ఎవరు ఏ నిర్ణయం తీసుకుంటారు?
- అడిగేది ఒక సర్వీసు విజిట్ గురించా, మొత్తం సంస్థ గురించా?
- ఏ కాలంలోని కస్టమర్లను అడుగుతున్నాం?
- ఎన్ని జవాబులు వస్తే లెక్క వేస్తాం? అంతకంటే తక్కువ వస్తే ఏం చేస్తాం?

రెండో ప్రశ్న దగ్గర చాలామంది తడబడతారు. టెక్నీషియన్ వచ్చి వెళ్లిన మర్నాడు అడిగితే ఆ విజిట్ మీద అభిప్రాయం వస్తుంది. ఆరు నెలలకోసారి కస్టమర్లందరినీ అడిగితే సంస్థ మీద అభిప్రాయం వస్తుంది. రెండూ పనికొస్తాయి. కానీ రెండింటినీ ఒకే షీటులో కలిపితే, వచ్చిన అంకె దేని గురించో ఎవరూ చెప్పలేరు.

## 2. ప్రశ్న రాయడం

తెలుగులో ఇలా అడగవచ్చు:

"మీకు తెలిసినవాళ్లెవరైనా వాటర్ ప్యూరిఫైయర్ కొనాలనుకుంటే, మా సంస్థ పేరు చెబుతారా? 0 నుంచి 10 లోపు ఒక అంకె ఇవ్వండి. 0 అంటే అస్సలు చెప్పను, 10 అంటే తప్పకుండా చెబుతాను."

దాని కిందే రెండో ప్రశ్న: "ఆ అంకె ఇవ్వడానికి ముఖ్యమైన కారణం ఏంటి?"

ఈ రెండూ చాలు. పదిహేను ప్రశ్నలు పెడితే ఓపిక ఉన్నవాళ్ల జవాబులే మీ దగ్గరికి చేరతాయి.

ఇక్కడ జరిగే తప్పులు, వాటికి సవరణలు:

- "మా సర్వీసు మీకు నచ్చిందా?" అని అడగడం. అది సంతృప్తి ప్రశ్న. నచ్చడం వేరు, పక్కింటివాళ్లకు చెప్పడం వేరు. చెప్పాక ఏదైనా తేడా వస్తే మాట పడేది చెప్పినవాళ్లే కాబట్టి, ఆ ప్రశ్నకు మనుషులు కొంచెం ఆలోచించి జవాబిస్తారు.
- స్కేలు 1 నుంచి 5 దాకా పెట్టడం. గూగుల్ ఫారమ్స్‌లో లీనియర్ స్కేల్ ఎంచుకుంటే మొదట 1 నుంచి 5 అనే వస్తుంది. కింది అంకెను 0కి, పై అంకెను 10కి మార్చి, రెండు చివర్లా అర్థం రాయండి.
- పాత ఐదు స్టార్ల డేటాను రెండుతో గుణించి వాడుకోవడం. 4 స్టార్లు ఇచ్చినవాళ్లు 8 ఇచ్చినవాళ్లు కారు. ఆ డేటాను సంతృప్తి శాతంగానే ఉంచండి. అంటే 4, 5 ఇచ్చినవాళ్లు ఎంత శాతమో చెప్పండి. దానికి నెట్ ప్రమోటర్ స్కోరు అని పేరు పెట్టొద్దు.
- 0 నుంచి 6కి ఎరుపు, 9, 10కి ఆకుపచ్చ రంగు వేయడం. ఏ అంకె ఇవ్వాలో మీరే చెప్పినట్టవుతుంది. అన్నిటికీ ఒకే రంగు ఉంచండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. మనకు చదువుకునే రోజుల నుంచి 60 మార్కులంటే ఫస్ట్ క్లాస్. పదికి ఆరు ఇచ్చిన పెద్దాయన నిజంగానే "పర్వాలేదు, బాగానే చేశారు" అన్న ఉద్దేశంతో ఇచ్చి ఉండొచ్చు. ఈ పద్ధతిలో ఆయన అసంతృప్తుల లెక్కలో పడతారు. అలాగని మన కోసం హద్దులు మార్చుకోకూడదు. మారిస్తే అది వేరే స్కోరు. వేరే దేశాల సంస్థల స్కోర్లు పక్కన పెట్టుకుని దిగులు పడటం మానేసి, మీ స్కోరును మీ పాత స్కోరుతోనే పోల్చుకోండి.

## 3. ఎవరిని, ఎప్పుడు, ఎవరు అడగాలి

స్కోరు నిజాయితీ ఇక్కడే తేలుతుంది.

జాబితా. ఆ కాలంలో సర్వీసు పొందిన ఇళ్లన్నీ జాబితాలో ఉండాలి. "గొడవ పడ్డ కస్టమర్లు వద్దులెండి, ఎలాగూ తిడతారు" అని బ్రాంచి మేనేజర్ పది పేర్లు కొట్టేస్తే ఆ సర్వే అక్కడితో అయిపోయినట్టే. అందరికీ పంపడం కుదరకపోతే బిల్లు నంబర్ల వరుసలో ప్రతి మూడో ఇంటినో, ప్రతి ఐదో ఇంటినో తీసుకోండి. ఎంపిక మాత్రం ఎవరి ఇష్టానికీ వదలొద్దు.

సమయం. టెక్నీషియన్ ఇంకా ఇంట్లో ఉండగా అడగొద్దు. మర్నాడు పంపండి. "సార్, పదికి పది ఇవ్వండి, నాకు ఇన్సెంటివ్ వస్తుంది" అని అబ్బాయి గుమ్మం దగ్గర నిలబడి అడిగితే ఎవరు కాదంటారు? తప్పు ఆ అబ్బాయిది కాదు, అతని జీతాన్ని ఆ అంకెకు ముడిపెట్టినవాళ్లది. స్కోరు మీద ఇన్సెంటివ్ ఉంటే, సర్వే మొదలుపెట్టే ముందే దాన్ని తీసేయించండి.

మార్గం. ఫోన్ చేసి అడిగితే మొహమాటం పనిచేస్తుంది. ఎదుటి మనిషి వింటుండగా 3 అనడం కష్టం, నోరు తిరిగి 8 అనేస్తారు. వాట్సాప్‌లో లింకు పంపితే ఆ మొహమాటం తగ్గుతుంది గానీ, ఫోను అంతగా వాడని పెద్దవాళ్లు తప్పిపోతారు. రెండు మార్గాలూ వాడితే షీటులో మార్గం కోసం ఒక కాలమ్ పెట్టి, స్కోర్లు విడివిడిగా చూడండి. ఒక విడత ఫోన్‌లో, ఇంకో విడత వాట్సాప్‌లో చేసి రెండింటినీ పోల్చడం అస్సలు వద్దు.

పంపే ముందు చూసుకోవాల్సినవి:

- ☐ జాబితాలోంచి ఎవరూ పేర్లు తీసేయలేదు
- ☐ గత 90 రోజుల్లో అడిగిన ఇంటిని మళ్లీ అడగడం లేదు
- ☐ సందేశంలో సంస్థ పేరు, ఎందుకు అడుగుతున్నామో ఉంది
- ☐ ఫోన్ నంబర్లను ఈ పని కోసం వాడుకోవడానికి కస్టమర్ల అనుమతి ఉంది (2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉద్దేశం చెప్పి సమ్మతి తీసుకోమంటుంది)
- ☐ మీ స్టాఫ్ నంబర్లు జాబితాలో లేవు
- ☐ గుర్తుచేసే సందేశం ఒక్కసారే, మూడు రోజుల తర్వాత

మన ఉదాహరణలో 1,600 ఇళ్లకు పంపాం: విజయవాడ 800, గుంటూరు 480, ఏలూరు 320. షీటులో 431 వరుసలు వచ్చాయి.

## 4. షీటు శుభ్రం చేయడం

ముందు వచ్చిన షీటుకు ఒక కాపీ తీసి, పేరు మార్చి, పక్కన పెట్టండి. దాన్ని ఇక ముట్టుకోవద్దు. పనంతా రెండో కాపీలోనే.

కాలమ్‌లు ఇలా ఉంటే చాలు: తేదీ, బ్రాంచి, కస్టమర్ కోడ్, అడిగిన మార్గం, స్కోరు, కారణం. పేరు, ఫోన్ నంబరు ఈ షీటులో అక్కర్లేదు.

ఇప్పుడు ఒక్కొక్కటీ చూడండి.

ఖాళీ స్కోర్లు. కారణం రాసి అంకె ఇవ్వనివాళ్లు ఉంటారు. ఎక్సెల్‌లో "6 లేదా అంతకంటే తక్కువైతే డిట్రాక్టర్ (అసంతృప్తుడు)" అని ఇఫ్ ఫార్ములా రాస్తే ఖాళీ గడి కూడా డిట్రాక్టర్ అయిపోతుంది, ఎందుకంటే అది ఖాళీని సున్నాగా తీసుకుంటుంది. మొదట్లో ఒక సంస్థకు నేనిలాగే లెక్క కట్టి ఇచ్చాను. వాళ్లు తమ సర్వీసు టీమును పిలిచి మందలించాక గానీ తప్పు బయటపడలేదు. ఆ టీముకు నేను స్వయంగా సంజాయిషీ చెప్పుకున్నాను. అప్పటి నుంచి ఖాళీ గడుల వరుసలను ముందే వేరే షీటులోకి తీసేస్తున్నాను.

తేదీలుగా మారిన స్కోర్లు. ఫోన్ చేసిన స్టాఫ్ "5/10" అని టైప్ చేస్తే ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుంటుంది. లోపల తేదీలను పెద్ద అంకెలుగా దాచుకుంటుంది. అందుకే "9 లేదా అంతకంటే ఎక్కువ" అని లెక్కపెట్టినప్పుడు, పదికి ఐదు ఇచ్చిన మనిషి ప్రమోటర్ (9, 10 ఇచ్చినవాళ్ల గుంపు) అయిపోతాడు. ఇది బయటికి కనబడదు, స్కోరు పెరుగుతుంది కాబట్టి ఎవరూ అనుమానించరు. స్కోరు కాలమ్‌లో 0 నుంచి 10 దాకా పూర్ణాంకాలు తప్ప మరేవీ ఎక్కకుండా డేటా వ్యాలిడేషన్ పెట్టేయండి.

అక్షరాలుగా ఉన్న అంకెలు. కొన్ని గడుల్లో 9 అంకెగా కాకుండా టెక్స్ట్‌గా ఉంటుంది. ఎడమవైపుకు అతుక్కుని కనిపిస్తే అనుమానించండి. అన్నిటినీ నిజమైన అంకెలుగా మార్చాకే ముందుకు వెళ్లండి.

ఒకే ఇంటి నుంచి రెండు జవాబులు. ఏది ఉంచాలో ముందే నియమం పెట్టుకోవాలి. నేను మొదటిదే ఉంచుతాను. రెండోది ఎవరైనా బతిమాలాక వచ్చి ఉండవచ్చు.

"ఎనిమిదో తొమ్మిదో వేసుకో బాబూ." ఫోన్‌లో ఇది రోజూ వినబడే మాట. అప్పుడే "ఒక్కటి చెప్పండమ్మా" అని అడగాలి. అడగకపోతే ఆ జవాబు పక్కన పెట్టాలి. 8.5 అని రాయకూడదు, ఎందుకంటే 8కి 9కి మధ్య గీత దాటితే మనిషి గుంపే మారిపోతుంది.

1 ఇచ్చి "సూపర్ సర్వీస్" అని రాసినవాళ్లు. కొందరు 1 అంటే ఫస్ట్ ర్యాంకు, నంబర్ వన్ అనుకుంటారు. 0, 1, 2 ఇచ్చినవాళ్ల కారణాలన్నీ ఒకసారి చదవండి. అంకెకు, మాటకు పొంతన లేకపోతే ఫోన్ చేసి కనుక్కోండి. మీ అంతట మీరే 1ని 10గా మార్చొద్దు.

మన షీటులో ఖాళీలు 12, రెండోసారి వచ్చినవి 9, స్టాఫ్ పరీక్షగా పంపినవి 6, అర్థం కానివి 4 తీసేశాం. మొత్తం 31 పోగా చెల్లే జవాబులు 400. ఏది ఎందుకు తీశామో పక్క షీటులో రాసి ఉంచాలి.

## 5. అసలు లెక్క

మొదటి అడుగు: పదకొండు వరుసల పట్టిక. నేరుగా మూడు గుంపులు లెక్కపెట్టకండి. ఎక్సెల్‌లో కౌంట్‌ఇఫ్ ఫార్ములాతో 0 ఎన్ని, 1 ఎన్ని, అలా 10 దాకా విడివిడిగా లెక్కపెట్టి, అడుగున మొత్తం వేయండి. ఆ మొత్తం 400 రాకపోతే ఎక్కడో ఇంకా చెత్త ఉందని అర్థం. పైన చెప్పిన తేదీల తప్పు కూడా ఇక్కడ దొరికిపోతుంది.

మన పట్టిక:

10 ఇచ్చినవాళ్లు 112
9 – 68
8 – 76
7 – 44
6 – 28
5 – 26
4 – 12
3 – 10
2 – 6
1 – 4
0 – 14

0 దగ్గర ఒక్కసారిగా 14కి లేచింది, గమనించారా? అలా లేస్తే రెండే కారణాలు: ఖాళీలు సున్నాలుగా దూరాయి, లేదా నిజంగా కడుపు మండినవాళ్లు ఉన్నారు. ఆ 14 వరుసలూ కళ్లతో చూసి తేల్చుకోండి.

రెండో అడుగు: మూడు గుంపులు.

9, 10 ఇచ్చినవాళ్లు ప్రమోటర్లు: 180 మంది, 45 శాతం.
7, 8 ఇచ్చినవాళ్లు పాసివ్‌లు: 120 మంది, 30 శాతం.
0 నుంచి 6 ఇచ్చినవాళ్లు డిట్రాక్టర్లు: 100 మంది, 25 శాతం.

మూడో అడుగు: తీసివేత. 45 – 25 = +20.

ఈ స్కోరు –100 నుంచి +100 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అందుకే ముందు ప్లస్ గానీ మైనస్ గానీ తప్పక రాయాలి. వెనక శాతం గుర్తు పెట్టకూడదు. "20 శాతం లాయల్టీ" అని రాస్తే వందలో ఇరవై మందే మనవాళ్లని చదివేవాళ్లు అనుకుంటారు.

ఈ అడుగులో ఎక్కువగా జరిగే రెండు తప్పులు:

పాసివ్‌లను లెక్కలోంచి తీసేయడం. 180లోంచి 100 తీసి 280తో భాగిస్తే దాదాపు +29 వస్తుంది. పాసివ్‌లు తీసివేతలో కనబడకపోయినా భాగహారంలో ఉండి తీరాలి.

సగటు చెప్పి ఊరుకోవడం. ఈ 400 స్కోర్ల సగటు 7.6. ఎవరికి చూపించినా "బాగానే ఉంది కదా" అంటారు. కానీ ప్రతి నలుగురిలో ఒకరు మన పేరు ఎవరికీ చెప్పేలా లేరన్న సంగతి ఆ 7.6 వెనక దాక్కుంటుంది.

స్కోరుతోపాటు మూడు శాతాలూ ఎప్పుడూ చూపించండి. 60 – 40 కూడా +20, 20 – 0 కూడా +20. మొదటి షాపులో ప్రాణం పెట్టేవాళ్లు, తిట్టిపోసేవాళ్లు ఉన్నారు. రెండో షాపును ఎవరూ పెద్దగా పట్టించుకోవడం లేదు. ఈ రెండింటికీ ఒకే మందు పనికిరాదు.

## 6. అటూ ఇటూ ఎంత తేడా ఉండొచ్చు

మనం అడిగింది కొందరినే. ఇంకో 400 మంది జవాబిచ్చి ఉంటే అచ్చంగా +20 రాదు. ఎంత అటూ ఇటూ అవుతుందో లెక్కించడం కష్టమేమీ కాదు, ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు.

1. ప్రమోటర్ల వాటా, డిట్రాక్టర్ల వాటా దశాంశాల్లో కలపండి: 0.45 + 0.25 = 0.70
2. స్కోరును దశాంశంలో రాసి, దానితోనే గుణించండి: 0.20 × 0.20 = 0.04
3. మొదటిదానిలోంచి రెండోది తీసేయండి: 0.66
4. జవాబుల సంఖ్యతో భాగించండి: 0.66 ÷ 400 = 0.00165
5. వర్గమూలం తీయండి: 0.0406
6. 1.96తో (95 శాతం నమ్మకానికి వాడే అంకె), ఆ తర్వాత 100తో గుణించండి: దాదాపు 8

అంటే స్కోరు +20, అటూ ఇటూ 8. 95 శాతం నమ్మకంతో అసలు స్కోరు +12కి, +28కి మధ్య ఉందని చెప్పొచ్చు.

మూడు గుంపుల వాటాలు ఇలాగే ఉంటే, తేడాను 10కి పరిమితం చేయాలంటే సుమారు 250 జవాబులు కావాలి. 5కి తగ్గించాలంటే సుమారు 1,000. తేడా సగం కావాలంటే జవాబులు నాలుగు రెట్లు కావాలన్నమాట.

ఒక్క జాగ్రత్త. ఈ లెక్క యాదృచ్ఛికంగా వచ్చే తేడానే పట్టుకుంటుంది. మేనేజర్ కొట్టేసిన పది పేర్లను, గుమ్మం దగ్గర అడిగి తెచ్చుకున్న పదులను ఏ సూత్రమూ సరిచేయలేదు.

## 7. బ్రాంచీల వారీగా చూడటం

మన 400 జవాబులు ఇలా విడిపోయాయి:

విజయవాడ: 240 జవాబులు. ప్రమోటర్లు 120, డిట్రాక్టర్లు 48. స్కోరు +30, అటూ ఇటూ 10.
గుంటూరు: 120 జవాబులు. ప్రమోటర్లు 48, డిట్రాక్టర్లు 36. స్కోరు +10, అటూ ఇటూ 15.
ఏలూరు: 40 జవాబులు. ప్రమోటర్లు 12, డిట్రాక్టర్లు 16. స్కోరు –10, అటూ ఇటూ 26.

మూడు స్కోర్ల సగటు తీస్తే +10 వస్తుంది. అది ఎవరి స్కోరూ కాదు. 40 మంది మాటకూ, 240 మంది మాటకూ ఒకే బరువు ఇచ్చినట్టయింది. జవాబులన్నీ కలిపి లెక్కిస్తే +20.

కానీ ఆ +20లోనూ ఒక ఒరుగు ఉంది. విజయవాడలో 800 ఇళ్లలో 30 శాతం జవాబిచ్చాయి, ఏలూరులో 320 ఇళ్లలో పన్నెండున్నర శాతమే. సంతోషంగా ఉన్న ఊరి గొంతు ఎక్కువగా వినిపిస్తోంది. దాన్ని సరిచేయాలంటే ప్రతి బ్రాంచి స్కోరును, మొత్తం కస్టమర్లలో ఆ బ్రాంచి వాటాతో గుణించి కూడాలి.

విజయవాడ: 30 × 0.50 = 15
గుంటూరు: 10 × 0.30 = 3
ఏలూరు: –10 × 0.20 = –2
మొత్తం: +16

సంస్థ స్కోరుగా నేనైతే ఈ +16నే రాస్తాను. కింద చిన్నగా "సవరించక ముందు +20" అని పెడతాను.

ఏలూరు సంగతి వేరే చెప్పాలి. –10, అటూ ఇటూ 26 అంటే అసలు స్కోరు –36 కావొచ్చు, +16 కూడా కావొచ్చు. ఈ అంకె పట్టుకుని ఆ బ్రాంచి మేనేజర్‌ను నిలదీయడం అన్యాయం. ముందు జవాబివ్వని ఇళ్లలోంచి వరుసగా ఓ ముప్పై ఇళ్లకు, ఆ బ్రాంచికి సంబంధం లేని మనిషి చేత ఫోన్ చేయించండి. ఆ జవాబులను స్కోరులో కలపొద్దు. ఊరి పరిస్థితి ఏంటో వినడానికే ఆ ఫోన్లు.

## 8. పోయిన విడతతో పోల్చడం

తర్వాతి సర్వేలో ఇలాంటి 400 జవాబులతోనే స్కోరు 6 పాయింట్లు పెరిగిందనుకోండి. పార్టీ చేసుకోవచ్చా?

రెండు విడతల "అటూ ఇటూ" అంకెలనూ వర్గం చేసి, కలిపి, వర్గమూలం తీయండి. 8 × 8 + 8 × 8 = 128, దాని వర్గమూలం సుమారు 11. పెరుగుదల 11 దాటితేనే నిజంగా పెరిగిందని నమ్మకంగా చెప్పొచ్చు. 6 పెరిగితే "పెరిగినట్టు కనిపిస్తోంది, ఇంకో విడత చూద్దాం" అనాలి.

పోల్చే ముందు ఇవి మారలేదని చూసుకోండి:

- ☐ ప్రశ్నలోని మాటలు
- ☐ అడిగిన మార్గం
- ☐ సర్వీసుకూ, సర్వేకూ మధ్య రోజులు
- ☐ బ్రాంచీల వాటాల సవరణ రెండింటికీ చేశాం
- ☐ సీజన్ (మన ఉదాహరణలో ఎండాకాలం ఫిర్యాదులను వానాకాలం ఫిర్యాదులతో పోల్చకూడదు)

## 9. కారణాలను లెక్కలోకి తేవడం, ఫోన్ చేయడం

కారణాల కాలమ్‌ను ముందు ఓ యాభై వరుసలు ఊరికే చదవండి. వర్గాలు ఆ తర్వాతే పెట్టుకోండి. ముందే పెట్టుకుంటే మీరు అనుకున్నవే కనిపిస్తాయి. ప్యూరిఫైయర్ల వ్యాపారంలో సాధారణంగా తేలే వర్గాలు: చెప్పిన టైముకు రాలేదు, ఫోన్ ఎత్తలేదు, ఫిల్టర్ ధర ఎక్కువ, అదే రిపేరు మళ్లీ వచ్చింది, మనిషి మాటతీరు.

ఒక ముప్పై కామెంట్లను ఇద్దరు విడివిడిగా వర్గాల్లో వేసి చూడండి. చాలాచోట్ల ఇద్దరికీ తేడా వస్తే వర్గాల నిర్వచనం సరిగా లేనట్టే.

డిట్రాక్టర్ల కారణాలే చదివి ఆపేయకండి. 7, 8 ఇచ్చినవాళ్లు రాసినవి నాకు ఇంకా విలువైనవిగా అనిపిస్తాయి. "అంతా బాగుంది కానీ వచ్చే ముందు ఒక ఫోన్ చేస్తే బాగుండేది" లాంటి వాక్యాలు అక్కడే ఉంటాయి. అది సరిచేయడానికి పైసా ఖర్చు లేదు.

డిట్రాక్టర్లకు రెండు రోజుల్లోపు ఫోన్ చేయాలి. చేసేది ఆ ఇంటికి వెళ్లిన టెక్నీషియన్ కాకూడదు. "ఏం జరిగిందో చెప్పండమ్మా, వింటాను" అని మొదలుపెట్టి వినాలి. సమస్య తీర్చాక "ఇప్పుడు స్కోరు మార్చి ఇవ్వండి" అని మాత్రం అడగొద్దు.

## 10. రిపోర్టు ఎలా రాయాలి

ఒక్క పేజీ చాలు. మన ఉదాహరణకు ఇలా:

"సంస్థ స్కోరు +16, అటూ ఇటూ 8 (బ్రాంచీల వాటాల ప్రకారం సవరించినది, సవరించక ముందు +20). జవాబుల్లో ప్రమోటర్లు 45, పాసివ్‌లు 30, డిట్రాక్టర్లు 25 శాతం. 1,600 ఇళ్లకు వాట్సాప్‌లో, సర్వీసు అయిన మర్నాడు పంపాం. చెల్లే జవాబులు 400. ఏలూరులో జవాబులు 40 మాత్రమే, ఆ బ్రాంచి స్కోరు మీద ఇప్పుడే నిర్ణయాలు వద్దు."

దాని కింద పదకొండు వరుసల పట్టిక, మొదటి మూడు కారణాలు, ఒక్కో కారణానికి ఏం చేయబోతున్నారో, ఎవరు చేస్తారో.

## 11. ఏడాది తర్వాత బిల్లులతో సరిచూడటం

ఈ పని చేసేవాళ్లు తక్కువ. కానీ స్కోరు నిజమో కాదో చెప్పేది ఇదే. "చెబుతాను" అనడం మాట, ఏఎంసీ రెన్యువల్ చేయించుకోవడం డబ్బు. ఈ స్కోరును 2003లో ప్రచారంలోకి తెచ్చిన ఫ్రెడ్ రైక్‌హెల్డ్ కూడా 2021లో ఇదే దారికి వచ్చారు. సర్వే అంకెలను చాలా సంస్థలు దుర్వినియోగం చేస్తున్నాయని చెప్పి, తిరిగి వచ్చిన కస్టమర్ల నుంచి, వాళ్లు చెబితే వచ్చిన కొత్తవాళ్ల నుంచి ఎంత ఆదాయం వచ్చిందో కూడా లెక్కపెట్టమన్నారు.

చేసే విధానం:

1. సర్వే షీటులోని కస్టమర్ కోడ్‌ను రెన్యువల్ రిజిస్టర్‌తో కలపండి.
2. ప్రమోటర్లలో ఎందరు రెన్యువల్ చేయించుకున్నారు, పాసివ్‌లలో ఎందరు, డిట్రాక్టర్లలో ఎందరు అని మూడు వరుసలు వేయండి.
3. కొత్త కస్టమర్‌కు బిల్లు వేసేటప్పుడు "మా గురించి ఎవరు చెప్పారండీ?" అని అడిగి, చెప్పినవాళ్ల కోడ్ రాసుకోండి. ఆ కోడ్‌లు ప్రమోటర్లవేనా చూడండి.

180 మంది ప్రమోటర్లలో 126 మంది (70 శాతం), 120 మంది పాసివ్‌లలో 66 మంది (55 శాతం), 100 మంది డిట్రాక్టర్లలో 30 మంది (30 శాతం) రెన్యువల్ చేయించుకున్నారనుకోండి. మెట్లు సరిగ్గా ఉన్నాయి, మీ స్కోరు పనిచేస్తోంది. ప్రమోటర్లూ పాసివ్‌లూ ఒకేలా ఉంటే ఆ 9, 10లలో మొహమాటం కలిసి ఉంటుంది. మూడో విభాగానికి వెళ్లి, ఎవరు, ఎప్పుడు అడిగారో మళ్లీ చూడండి.

ఇప్పుడు నాలుగో వరుస ఒకటి కలపండి: సర్వే పంపినా జవాబివ్వని ఇళ్లు. మన ఉదాహరణలో వాళ్లు జవాబిచ్చినవాళ్లకంటే దాదాపు మూడు రెట్లు. వాళ్ల రెన్యువల్ శాతం డిట్రాక్టర్లకంటే తక్కువగా ఉందంటే, తిట్టినవాళ్లు ఇంకా మీతోనే ఉన్నారు, మాట్లాడకుండా ఉన్నవాళ్లే వెళ్లిపోతున్నారు. అప్పుడు వచ్చే విడతలో స్టాఫ్ చేసే ఫోన్లలో సగం ఈ నాలుగో వరుసలోని ఇళ్లకే కేటాయించండి, అదీ రెన్యువల్ తేదీకి రెండు నెలల ముందు.